"ఒక్కదానివేనా?"

మొన్న మాఘమాసంలో మా వారి బాబాయిగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. రెండో బంతిలో కూర్చున్నాను. పక్కన మా వారి పెద్దమ్మగారు. ఆకులో పులిహోర, బూరె పడ్డాయి. ఆవిడ బూరెలో నెయ్యి వేయించుకుంటూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టారు.

"ఏమ్మా, డిసెంబరులో ఎక్కడికో వెళ్ళావటగా?"

"హంపీకండీ."

"ఒక్కదానివేనా?"

"అవునండీ."

"మావాడు పంపించాడా?"

నేను మాట్లాడలేదు.

"ఎంత మంచివాడే తల్లీ మావాడు! ఏ మొగుడు పంపిస్తాడు చెప్పు ఈ రోజుల్లో. అయినా మీ అత్తగారు పడిపోయిందని తెలిసి కూడా రాలేదట కదా. నీకు మనసెలా ఒప్పిందమ్మా?"

పెళ్ళివారింట్లో మాటకి మాట అప్పజెప్పకూడదని మా అమ్మ నేర్పింది. బూరె తినేసి చెయ్యి కడుక్కున్నాను. కానీ నాలుక చివరిదాకా వచ్చిన మాటలు మింగితే అరిగేవి కావు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆవిడ ఒక్కరి మీద కోపంతో కాదు. ఆ ప్రశ్న మనం అందరం ఒకరినొకరం అడుక్కునేదే. నేనూ అడిగాను. మా వీధిలో ఒకావిడ ఒంటరిగా కాశీ వెళ్ళొస్తే, "ఒక్కరేనా అండీ, అయ్యో" అన్నది నేనే.

ముందు జరిగింది చెప్తాను.

హంపీకి నేను మూడుసార్లు వెళ్ళాను. 2001లో ఒక్కదాన్నే. 2013లో కుటుంబంతో. మొన్న 2025 డిసెంబరులో మళ్ళీ ఒక్కదాన్నే.

మా నాన్న గుంతకల్లులో రైల్వే గార్డు. బీఏ తెలుగు పరీక్షలు అయ్యాక, "మనుచరిత్ర పుట్టిన ఊరు చూడాలి నాన్నా" అన్నాను. అమ్మ వద్దంది. నాన్న ఒక్కటే అన్నాడు: "దిగాక స్టేషన్ మాస్టర్ దగ్గరకి వెళ్ళి నా పేరు చెప్పు, కంట్రోల్ ఫోన్లో మనకి కబురు చేరుద్ది." ఎన్‌సీసీ క్యాంపులకి మోసిన ఖాకీ సంచీ వీపున వేసుకుని పాసింజరు ఎక్కాను. హోస్పేటలో దిగి, 13 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాను. విరూపాక్షుడి గుడి ముందు బజారు పక్కన ఒకావిడ ఇంట్లో గది, రోజుకి 80 రూపాయలు. అద్దె సైకిలు. పొద్దున హేమకూటం, సాయంత్రం తుంగభద్ర ఒడ్డు. విఠలుడి గుడి దాకా ఏటి వెంబడి నడుచుకుంటూ వెళ్ళి, రాతిరథం ముందు రెండు గంటలు కూర్చుని, నోటికొచ్చిన పద్యాలు చదువుకున్నాను. తర్వాత ఏడాది పూరీ, కోణార్కు కూడా అలాగే వెళ్ళొచ్చాను. 2003లో పెళ్ళయింది. విజయవాడ వచ్చేశాను. ఖాకీ సంచీ అటకెక్కింది. అందులో సంక్రాంతి బొమ్మల కొలువు బొమ్మలు పాత చీరల్లో చుట్టి పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ళ పైన అది బొమ్మల సంచీయే.

2013లో దసరా సెలవులకి కారు మాట్లాడుకుని అందరం హంపీ వెళ్ళాం. నేను, మా వారు, అత్తయ్య, పిల్లలిద్దరు. అప్పుడు హంపీలో నేను చూసినవేంటో చెప్పమంటారా? మరుగుదొడ్డి ఎక్కడుందో చూశాను. మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో చూశాను. అత్తయ్య మోకాళ్ళకి మెట్లు తక్కువున్న దారి ఏదో చూశాను. పెరుగన్నం విప్పడానికి నీడ ఎక్కడుందో చూశాను. బాబు కారులో కక్కుకుంటే తుడవడానికి తడిగుడ్డ ఉందో లేదో చూశాను. రాతిరథం దగ్గర అందరికీ ఫోటోలు తీశాను. ఇంటికొచ్చాక చూసుకుంటే నేను ఒక్క ఫోటోలో లేను, ఒక్క దాంట్లో మాత్రం ఓ మూల టిఫిన్ క్యారేజీ పట్టుకున్న చెయ్యి ఉంది. ఆ గాజులు నావే.

ఆ ప్రయాణాలు నాకు ఇష్టం లేదని కాదు. తిరుపతి, ఊటీ, అరకు, షిర్డీ, అన్నీ తిరిగాం. పిల్లలు మొదటిసారి సముద్రం చూసినప్పుడు వాళ్ళ మొహాలు చూడటం కంటే నాకేం కావాలి? కానీ ఆ ప్రయాణాలకి సరైన పేరు పెట్టుకోవాలి. గవర్నమెంటు ఉద్యోగులు క్యాంపుకి వెళ్తారు చూడండి, అలాంటివి అవి. ఆఫీసు ఫైళ్ళతో సహా వేరే ఊరికి మారుతుంది, అంతే. బయల్దేరే ముందు రెండు రోజులు సర్దడం. చపాతీలు, పులిహోర, గోంగూర పచ్చడి సీసా, మందుల డబ్బా, స్వెట్టర్లు, చార్జర్లు. అక్కడ లెక్కలు, అలకలు, ఆకళ్ళు. వచ్చాక మూడు రోజులు బట్టలు ఉతకడం. "మొన్ననేగా ఊటీ తిప్పాను, ఇంకా ఏంటి?" అంటారు మా వారు. తిప్పారు, నిజమే. నేను వంటిల్లు నెత్తిన పెట్టుకుని తిరిగాను.

ఇది నా ఇంటి సంగతే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా సర్వే చేసింది, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టేవాళ్ళే ఆడవాళ్ళలో నూటికి 81 మంది అయితే, మగవాళ్ళలో 26 మంది. సెలవు పెట్టి ఊరెళ్తే ఈ లెక్క మారుతుందా? మీ ఇంట్లో మారితే చెప్పండి, వచ్చి దండం పెట్టి వెళ్తాను.

ఇప్పుడు భద్రత సంగతి. "ఆడదానివి, ఒంటరిగా, రోజులు బాగాలేవు." ఈ మాట అబద్ధమని నేననను. 2025 మార్చిలో హంపీకి దగ్గర్లోనే, సాణాపురం దగ్గర కాలవ గట్టున రాత్రి పూట కూర్చున్న పర్యాటకుల మీద దాడి జరిగింది. ఇద్దరు ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. వాళ్ళతో ఉన్న మగవాళ్ళని కాలవలోకి తోసేశారు. ఒకతను చనిపోయాడు. మా వారు ఆ వార్త తీసి నా ముందు పెట్టారు. చదివాక నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టికెట్టు రద్దు చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడొకటి తట్టింది. ఆ ఆడవాళ్ళు ఒంటరిగా లేరు. పక్కన మగవాళ్ళు ముగ్గురున్నారు. ఆ ఘోరానికి కారణం ఆడవాళ్ళు ఒంటరిగా తిరగడం కాదు, ఆ పని చేసినవాళ్ళు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 2019లో మా ఆడపడుచు బెంగుళూరులో పురుడు పోసుకుంటే, అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని నన్ను ఒక్కదాన్నే రాత్రి బస్సులో పంపారు. చేతిలో నేతి డబ్బా, కాయం, వాము, పాత చీరలు. తెల్లవారుజామున నాలుగింటికి నన్ను రోడ్డు పక్కన దింపారు. ఆటో కోసం చీకట్లో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆ రోజు ఎవరికీ భద్రత గుర్తు రాలేదు. "ఒక్కదానివేనా?" అని ఎవరూ అడగలేదు. "జాగ్రత్తమ్మా, నెయ్యి ఒలుకుద్ది" అన్నారు.

మిర్చి కోతలకి తెల్లారకముందే ట్రాలీ ఆటోల్లో కిక్కిరిసి వెళ్ళే ఆడవాళ్ళని మనం రోజూ చూస్తాం. రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికెళ్ళే నర్సుల్ని చూస్తాం. వాళ్ళని ఆపి "రోజులు బాగాలేవు" అని చెప్పేవాళ్ళు లేరు. అంటే మన లోకం తీర్పు ఇదీ: పని మీదైతే ఆడది ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. చాకిరీకి వెళ్ళొచ్చు, పురిటికి వెళ్ళొచ్చు, చావుకి వెళ్ళొచ్చు. ఊరికే వెళ్ళకూడదు. తన కోసం వెళ్తేనే ప్రమాదం.

ఆ "ఊరికే" అన్న మాట చూడండి. మన ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులు ఉచితం. అప్పట్నుంచీ ఎన్ని జోకులు, ఎన్ని వీడియోలు! ఆడవాళ్ళంతా పనీపాటా లేక ఊరికే తిరుగుతున్నారట. బస్సుల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నారట. మరి మగవాళ్ళు? సెంటర్లో టీ కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడితే అది ఊరికే కాదా? బండేసుకుని స్నేహితులతో సూర్యలంక వెళ్తే అది ఏ ఆఫీసు పని? ఊరికే తిరగడం నేరమైతే ఈ దేశంలో సగం మంది మగవాళ్ళు జైల్లో ఉండాలి.

నేను చదివిన చదువు ఇక్కడ పనికొచ్చింది. మనుచరిత్ర కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది. ప్రవరుడు గృహస్థు. ముసలి తల్లిదండ్రులు, భార్య, శిష్యులు, అగ్నిహోత్రాలు. తీర్థాలు తిరిగొచ్చినవాళ్ళు ఇంటికొస్తే చాలు, ఎక్కడెక్కడ ఏం చూశారని అడిగి అడిగి వినేవాడు. చూడాలన్న కోరిక ఆయన్ని తినేసేది. ఒక సిద్ధుడు కాళ్ళకి పసరు రాస్తే ఒక్కడే హిమాలయాలకి వెళ్ళిపోయాడు. మంచుకి పసరు కరిగిపోయి అక్కడ ఇరుక్కున్నాక, అప్పుడు ఇల్లు గుర్తొచ్చి బెంగపడ్డాడు. వరూధిని ఎదురైనా లొంగలేదు కనుక ఆయన నియమం గొప్పదని ఐదువందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. బాగానే ఉంది. కానీ ఆ కావ్యంలో ఇంకొకావిడ ఉంది, ప్రవరుడి భార్య. వెయ్యిమంది అతిథులు వచ్చినా వంట చేసి అలసిపోదని, సాక్షాత్తు అన్నపూర్ణకి దీటని పెద్దనగారు ఆవిడని మెచ్చుకున్నారు. బీఏలో నేను ఆ పద్యానికి ప్రతిపదార్థం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆవిడ పేరేమిటని క్లాసులో ఎవరం అడగలేదు. ఆ యాత్రికుల కబుర్లు వంటింటి గుమ్మంలోంచి ఆవిడకీ వినపడి ఉంటాయని, ఆవిడకీ హిమాలయం చూడాలనిపించి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, పెళ్ళయి పదేళ్ళయ్యే దాకా.

ముసలి తల్లిదండ్రుల్ని వదిలి వెళ్ళడానికి నీకు మనసెలా ఒప్పిందయ్యా అని ప్రవరుణ్ణి ఏ పెద్దమ్మా అడగలేదు.

తర్వాతి కాలం చూసినా అంతే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831లో తిరిగొచ్చారు. ఇంటి ఆడవాళ్ళతో సహా పెద్ద పరివారం ఆయన వెంట ఉంది. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో అన్నీ రాసిపెట్టారు మహానుభావుడు. అది మన తెలుగులో గొప్ప పుస్తకం. కానీ ఆ డేరాల్లో వండిన ఆడవాళ్ళు ఏం చూశారో, వాళ్ళకి గంగ ఎలా కనపడిందో మనకి తెలియదు. పోతం జానకమ్మగారు భర్తతో ఇంగ్లండు వెళ్ళొచ్చి, తాను చూసింది తానే రాసుకుంటే 1876లో అది ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. ఆవిడ రాశారు కనుక ఆవిడ చూపు మిగిలింది. చూడటానికి తీరిక, రాయడానికి తీరిక, రెండూ ఎవరో ఇస్తే వచ్చేవి కావు.

అంతకు ముందెప్పుడో, పన్నెండో శతాబ్దంలో, అక్కమహాదేవి కన్నడదేశం నుంచి నడుచుకుంటూ శ్రీశైలం వచ్చింది. ఆవిడ తపస్సు చేసిందనే గుహలకి మనం లాంచీలో వెళ్ళి దండం పెట్టుకుని వస్తున్నాం. ఆవిడే ఇప్పుడు వస్తే లాడ్జీలో గది ఇవ్వరు. నేను చూసే చెప్తున్నాను. హోస్పేటలో ఒక లాడ్జీ గుమాస్తా నా ఆధారు కార్డు అటూ ఇటూ తిప్పి, "ఫ్యామిలీ లేదా మేడం? సింగిల్ లేడీస్‌కి ఇవ్వం" అన్నాడు. నలభై అయిదేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఫ్యామిలీ లేకుండా ఎక్కడికి పోతాను నాయనా, ఇంట్లో ఉంది అన్నాను. ఇవ్వలేదు. ఏరు దాటి ఆనెగొందిలో ఒకావిడ ఇంట్లో గది దొరికింది.

రైల్వేవాళ్ళు నయం. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తుల కోటా ఉంది. ఏదైనా అయితే 139 నంబరు ఉంది. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తే పలకరించడానికి రైల్వే పోలీసుల్లో 'మేరీ సహేలీ' అని ప్రత్యేకంగా పెట్టారు. నేను పెట్టుకున్న నియమాలు నాలుగే: కొత్త ఊరికి పగలే చేరడం, చీకటి పడితే గదిలో ఉండడం, ఎక్కడ దిగానో దారిలో ఎవరికీ చెప్పకపోవడం, రోజుకి రెండుసార్లు మా అమ్మాయికి మెసేజి పెట్టడం. 2001లో ఈ నియమాలు లేవు. ఇప్పుడు భయం ఉంది. భయం లేనివాళ్ళే వెళ్ళాలంటే ఎవరూ వెళ్ళక్కర్లేదు.

ఈసారి హంపీ ఎలా ఉందంటే, ఆ బజారు మండపాల్లో అప్పుడున్న కొట్లూ, కాపురాలూ లేవు. 2011లో ఖాళీ చేయించేశారు. నాకు గది ఇచ్చినావిడ ఇల్లూ లేదు. విఠలుడి గుడికి వెళ్ళే బ్యాటరీ బండి ఒకమ్మాయి నడిపింది. తుంగభద్రలో పుట్టి ఎక్కాను. మహానవమి దిబ్బ మీద ఎవరూ లేనప్పుడు పక్కలకి చెక్కిన ఏనుగుల్ని, నాట్యకత్తెల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. రాయలవారి తర్వాత కొద్దికాలానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, ఈ నగరులో లెక్కలు రాసే ఆడవాళ్ళు, కుస్తీ పట్టే ఆడవాళ్ళు, జ్యోతిషం చెప్పే ఆడవాళ్ళు ఉన్నారని రాశాడు. ఆ లెక్కలు రాసినావిడ ఎక్కడ కూర్చుని రాసేదో అనుకుంటూ కూర్చున్నాను. అంతసేపట్లో ఎవరూ "ఆకలి" అనలేదు. నాకు ఆకలేసినప్పుడు నేను తిన్నాను. ఇది ఎంత చిన్న మాటో, ఇరవై రెండేళ్ళలో ఎంత అరుదైన మాటో మీకు తెలుసు.

ఇందులో నేను "నన్ను నేను కనుక్కోవడం" లాంటిదేమీ లేదండీ. నేనెక్కడా తప్పిపోలేదు. ఒక చోట నిలబడి, ఒక రాయిని, చూడాలనిపించినంతసేపు చూడటం. అంతే కావలసింది.

ఇక అత్తయ్య సంగతి. అక్కడికి చేరిన మూడో రోజు పొద్దున, ఆనెగొందిలో బట్టలు ఆరేస్తుంటే మా వారి ఫోను. అత్తయ్య బాత్రూములో జారిపడ్డారు. నా కాళ్ళు చల్లబడ్డాయి. అప్పటికే ఎక్స్‌రే తీయించారట. ఎముక విరగలేదు, మడమ బెణికింది, పది రోజులు కాలు కింద పెట్టకూడదన్నారట.

"వచ్చేస్తావా?" అన్నారు.

"ఇప్పుడు నేనొచ్చి చేయాల్సిందేంటి?" అని అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను.

ఆయన కాసేపు ఆగారు. "ఏమీ లేదు. కానీ అందరూ అడుగుతున్నారు" అన్నారు.

ఆయన నిజాయితీకి దండం పెట్టాలి. మొత్తం సంగతి ఆ రెండు ముక్కల్లో ఉంది. చేయాల్సిందేమీ లేదు, కానీ అందరూ అడుగుతున్నారు.

ఆ రోజు నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. ఆడపడుచు, తోటికోడలు, పిన్నత్తయ్య, పక్కింటావిడ, ఇంకా ఎవరెవరో. అన్నీ నాకే. కన్నకొడుకు ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఒక్క ఫోను లేదు. "ఎలా ఉంది?" అని అడిగినవాళ్ళు ఇద్దరు. "నువ్వెప్పుడొస్తున్నావు?" అని అడిగినవాళ్ళు తొమ్మిది మంది. 2022లో అత్తయ్య ఇదే బాత్రూములో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పుడు నేను వంటింట్లో దోసెలు పోస్తున్నాను, పది అడుగుల దూరంలో. నేను ఇంట్లో ఉండడం వల్ల ఆవిడ పడకుండా ఆగలేదు. అప్పుడు ఎవరూ "నువ్వెక్కడున్నావు?" అని అడగలేదు. ఆ బాత్రూములో నునుపు బండలు మార్చి, పట్టుకోవడానికి గోడకి ఇనప కడ్డీ వేయించమని మూడేళ్ళుగా చెప్తున్నాను. అది ఎందుకు వేయించలేదని ఎవరూ ఇప్పటికీ అడగలేదు.

నేను వెళ్ళలేదు. మిగిలిన రెండు రోజులూ ఉన్నాను. గొప్పగా ఉన్నానని చెప్పను. ఆ రోజంతా ఏటి ఒడ్డున ఫోను పట్టుకుని కూర్చున్నాను. కళ్ళ ముందు ఏముందో కనపడలేదు. ఆ రోజు పాడైపోయింది. దాన్ని పాడు చేసింది అత్తయ్య కాలు కాదు, ఆ పదకొండు ఫోన్లు.

నాకు అనుకూలం కాని సంగతి కూడా చెప్పాలి. కొడుకు పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్తే అత్తయ్య సిగ్గుతో చచ్చిపోయారు. అందుకని ఆ రెండు రోజులూ మా పనావిడ పొద్దునా సాయంత్రం అదనంగా వచ్చి ఆవిడకి అన్నీ చేసింది. నేను వచ్చాక డబ్బులిచ్చాను. కానీ నేను ఏటి ఒడ్డున కూర్చున్న రోజు, నా పని ఇంకో ఆడమనిషి వీపు మీద పడింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. కొడుకులు తల్లికి చేయడం, తల్లులు కొడుకు చేత చేయించుకోవడం సిగ్గు కాకుండా పోయిన రోజున ఉంటుందేమో. మా బాబుకి ఇప్పుడు పదిహేడేళ్ళు. నానమ్మ కాలికి ఆయింట్‌మెంట్ రాయడం వాడి పని అని చెప్పాను. రాస్తున్నాడు, సణుక్కుంటూ.

డబ్బు సంగతి కూడా మాట్లాడదాం, ఎందుకంటే చివరికి అందరూ చెవిలో అడిగేది అదే. రైలు 1,900. నాలుగు రాత్రుల గది 4,000. తిండి 1,600. బస్సు, ఆటో, సైకిలు, పుట్టి, టికెట్లు 1,500. మొత్తం 9,000 రూపాయలు, నా చీటీ డబ్బుల్లోంచి. 2023లో అందరం ఊటీ వెళ్తే డెబ్భై వేలు దాటింది. దానికి ఎవరూ లెక్క అడగలేదు. నాకు జీతం లేదు కాబట్టి ఈ తొమ్మిది వేలు ఎవరివి అంటే, మా ఇంట్లో రోజుకి అయిదు గంటలు పైన పడే చాకిరీ ఎవరిదో వాళ్ళవి.

అత్తయ్య నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. ఆవిడ కోపం పోయిందని చెప్పను. పదకొండో రోజు కాళ్ళకి కట్టు మారుస్తుంటే, ఎటో చూస్తూ అడిగారు: "ఆ పుట్టి గుండ్రంగా తిరుగుద్దంటగా. కళ్ళు తిరగలేదా నీకు?"

"మొదట్లో తిరిగాయి అత్తయ్యా. తర్వాత బావుంది."

"ఊఁ" అన్నారు. అంతే.

ఆవిడది కృష్ణ ఒడ్డున పల్లెటూరు. చిన్నప్పుడు పడవల్లో తిరిగానని ఎప్పుడో చెప్పారు. పెళ్ళయ్యాక ఆవిడ ఒక్కరే ఎక్కడికైనా వెళ్ళారా అని నేను ఇన్నేళ్ళలో అడగనే లేదు.

ఇక నేను చెప్పదలుచుకున్నది. అందరూ రేపే సంచీ సర్దుకుని బయల్దేరండి అనడం లేదు. చంటిపిల్లలున్నవాళ్ళు, మంచం పట్టినవాళ్ళని చూసుకునేవాళ్ళు, ఆ తొమ్మిది వేలు లేనివాళ్ళు ఉన్నారు. నేనూ ఇరవై రెండేళ్ళు ఆగాను. అసలు వెళ్ళాలని లేనివాళ్ళూ ఉంటారు, హాయిగా ఇంట్లో ఉండండి. కానీ వెళ్ళినదాన్ని మాత్రం ఒదిలేయండి. "ఎవరు పంపించారు?" అని అడగకండి. మనం పోస్టు కవర్లం కాదు ఎవరో పంపించడానికి. భర్త పంపాడని ఆయన్ని మెచ్చుకోకండి. మా వారు మంచివారే, కానీ ఆయన స్నేహితులతో శబరిమల వెళ్ళినప్పుడు "ఎంత మంచి భార్యమ్మా, పంపించింది" అని నన్నెవరూ మెచ్చుకోలేదు. ఇంట్లో ఏదైనా అయితే, ఇంట్లో ఉన్నవాళ్ళకి ఫోను చేయండి. ఊళ్ళో లేనిదానికి కాదు. ఇంటి లెక్కల పుస్తకంలో గ్యాసు, కరెంటు, ఫీజుల కింద మీ పేరు మీద ఒక గీత గీసుకోండి. నెలకి రెండొందలైనా సరే. ఆ గీత అక్కడుంటే ఎప్పటికైనా ఒక రోజు వస్తుంది.

ఈ సంక్రాంతికి బొమ్మలు కొలువులోంచి తీశాక, మా అమ్మాయి అలవాటుగా ఖాకీ సంచీ తెచ్చింది. వద్దన్నాను. బొమ్మలు ఇప్పుడు అట్టపెట్టెలో ఉన్నాయి. సంచీ మంచం కింద ఉంది. వచ్చే నెలకి బాదామి టికెట్టు తీసుకున్నాను. బాత్రూములో కడ్డీ కూడా వేయించాను, నా చీటీ డబ్బులతోనే.